అరవై నెలల డబ్బు, డెబ్బయి రెండు నెలల బతుకు

పీహెచ్‌డీ చేసేవాళ్లకు యూజీసీ ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిందనగానే ఇంట్లోవాళ్లకూ ఊళ్లోవాళ్లకూ ముందు తెలిసేది ఒకే అంకె: నెలకు 37,000 రూపాయలు. 2023 జనవరి నుంచి ఇదే రేటు. రెండేళ్ల తర్వాత పని సంతృప్తికరంగా ఉందని కమిటీ తేలిస్తే ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 అవుతుంది. హాస్టల్ గది దొరకనివాళ్లకు దీనిపైన ఇంటద్దె భత్యం ఉంటుంది. హైదరాబాద్‌కు ఎక్కువ శాతం, విశాఖకు కొంత తక్కువ, చిన్న ఊళ్లకు ఇంకా తక్కువ. ఈ అంకెను నెల జీతమనుకుని ఖర్చులు వేసుకోవడం దగ్గరే పరిశోధక విద్యార్థి లెక్క తప్పుతుంది. వచ్చే తీరు చూస్తే ఫెలోషిప్ పంట డబ్బులాంటిది. ఏ తేదీన చేతికొస్తుందో తెలియదు, ఒక్కోసారి కొన్ని నెలలది కలిపి పడుతుంది, పైగా ఒక రోజున పూర్తిగా ఆగిపోతుంది. అందుకే సేద్యం మీద బతికే ఇల్లు లెక్క వేసుకున్నట్టే వేసుకోవాలి. ముందు గాదె నిండాలి, తర్వాతే సంత.

ఆగిపోయే రోజు నుంచే మొదలుపెడదాం. ఫెలోషిప్ మొత్తం అయిదేళ్లు. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి మామూలు గడువు ఆరేళ్లు. అయిదేళ్లలో థీసిస్ ఇచ్చేవాళ్లు లేకపోలేదు గానీ, దాని మీద ధీమాతో ఇంటద్దె ఒప్పుకోలేం. తొలి రెండేళ్లకు 8,88,000, తర్వాతి మూడేళ్లకు 15,12,000, కలిపితే సరిగ్గా 24 లక్షలు. దాన్ని అరవై నెలలకు కాకుండా డెబ్బయి రెండు నెలలకు పంచితే నెలకు 33,333 వస్తుంది. పరిశోధకుడి అసలు రాబడి ఇదే. అంటే జేఆర్ఎఫ్ రోజుల్లో నెలకు సుమారు 3,700, ఎస్ఆర్ఎఫ్ రోజుల్లో 8,700 తనవి కావనుకుని పక్కన పెట్టాలి. అలా కూడిన నాలుగు లక్షలే ఆరో ఏడాదికి తిండి, అద్దె. కష్టమైనది ఎస్ఆర్ఎఫ్ రోజుల భాగమే. చేతికొచ్చేది 5,000 పెరిగినప్పుడు ఒంటరి గదికో కొత్త బండి వాయిదాకో మనసు పోవడం సహజం. కానీ ఆ పెరుగుదల మొత్తం చివరి ఏడాది సొమ్మే.

ఆలస్యం సంగతి వేరు. పరిశోధకుడు చదువు కొనసాగిస్తున్నాడని విశ్వవిద్యాలయం నెలనెలా పోర్టల్‌లో ధ్రువీకరిస్తేనే డబ్బు ఖాతాలో పడుతుంది. గైడ్ సంతకం, విభాగం సంతకం, కార్యాలయంలో ఎక్కించేవారొకరు, సరిచూసేవారొకరు. ఇందులో ఎవరు సెలవు పెట్టినా ఆ నెల జారిపోతుంది. ఎస్ఆర్ఎఫ్‌కు మారే సమయంలో కాగితాలు ఇంకా ఎక్కువ, కొత్త రేటు చాలాసార్లు ఎరియర్స్‌గానే అందుతుంది. కాబట్టి ఆరో ఏడాది నిధి కాక, కనీసం మూడు నెలల మెస్ బిల్లు, అద్దె, ఇంటికి పంపే సొమ్ము ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. ఎరియర్స్ పడిన రోజున ముందు నిండాల్సింది ఆ మూడు నెలల నిల్వే. పొదుపు పద్ధతి కూడా దీనికి తగ్గట్టు ఉండాలి. మనవాళ్లకు అలవాటైన చిట్టీ నెలనెలా క్రమంగా జీతం అందేవాళ్లకు నప్పుతుంది. ఫెలోషిప్ పడని నెలలో చిట్టీ కట్టాలంటే చేబదులు తప్పదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కూడా అరవై వాయిదాలదే, చూడ్డానికి అచ్చంగా సరిపోయినట్టుంటుంది. కానీ వాయిదాలు తప్పుతూ పోతే ఖాతా ఆగిపోతుంది. డబ్బు పడినప్పుడల్లా చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసుకోవడం మేలు.

నెలకు 37,000 తక్కువేమీ కాదు, అంతకన్నా తక్కువతో సంసారాలు నడిపే ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షలున్నాయి కదా అని కొందరంటారు. నిజమే, హాస్టల్లో ఉండే ఒంటరి మనిషికి అది చాలు. కానీ పరిశోధకుడి వయసు చూడండి. ఇరవై అయిదు నుంచి ముప్పై రెండు దాకా అంటే తమ్ముడి ఫీజు, నాన్న మందులు, తన పెళ్లి ఎదురయ్యే ఏళ్లు. ఆ ఇంటి నుంచి పీజీ దాకా వచ్చిన తొలి మనిషైతే ఇంటికి పంపే సొమ్మును అదనపు ఖర్చుల కింద వేయడం అబద్ధపు లెక్క. దాన్ని అద్దె పక్కనే రాయాలి. ఇంటివాళ్లకు చెప్పాల్సిన అంకె కూడా 37,000 కాదు, 33,333. రేటు పెరుగుతుందిలే అన్న ఆశ మీద కూడా ప్రణాళిక వేయలేం. 2019 జనవరిలో 31,000 అయిన జేఆర్ఎఫ్ మళ్లీ మారడానికి నాలుగేళ్లు పట్టింది. అద్దెలు అన్నాళ్లు ఆగవు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. వ్యవస్థ చేసే ఆలస్యాన్ని విద్యార్థి పొదుపుతో భరించమనడం న్యాయమా? కాదు. గాదె కట్టుకోమన్నంత మాత్రాన వాన రాకపోవడాన్ని ఒప్పుకున్నట్టు కాదు. పైగా గాదె కట్టుకోవడానికి కూడా కొంత పంట ఉండాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో జేఆర్ఎఫ్ లేనివారికి ఇచ్చే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. 2015లో దాన్ని ఆపేస్తామన్నప్పుడు ఢిల్లీలో యూజీసీ ముందు విద్యార్థులు రోజుల తరబడి కూర్చుని దాన్ని నిలబెట్టుకున్నారు. అప్పట్లో 25,000 ఉన్న జేఆర్ఎఫ్ రెండుసార్లు పెరిగింది, ఆ రెండుసార్లూ ఈ 8,000 కదల్లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జేఆర్ఎఫ్ లేని చాలామందికి ఆ మాత్రమూ లేదు. ఒకే ప్రయోగశాలలో పక్కపక్క బల్లల మీద ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి 37,000, మరొకరికి 8,000. ఆ రెండో మనిషికి ఏ లెక్కల పుస్తకమూ దారి చూపలేదు. మెస్ బిల్లు కట్టాక మిగిలేదాంట్లో పొదుపు గురించి మాట్లాడటం కూడా తప్పే. అక్కడ మారాల్సింది ఖర్చు కాదు, ఆ అంకె.