పారంపర్యాచారము – కట్టడ: ఒక గ్రీకు పదమునకు రెండు తెలుగు రూపములు

క్రైస్తవ సిద్ధాంతమునకు ప్రమాణమేది? లిఖిత గ్రంథ మొక్కటియేనా, లేక అపొస్తలుల నోట వెలువడి శిష్యపరంపరగా వచ్చిన అలిఖిత బోధయు ప్రమాణమేనా? శ్రుతిస్మృతుల ప్రామాణ్యమును, శిష్టాచారమును గూర్చిన చర్చల నెరిగిన తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న అపరిచితము కాదు. ఐరోపాలో ఇది 16వ శతాబ్దమున సంఘమును రెండుగా చీల్చిన కారణములలో నొకటి. గ్రంథమే పరమప్రమాణమని లూథరు వాదించెను. లిఖిత గ్రంథములను, అలిఖిత సంప్రదాయములను సమానభక్తితో స్వీకరింపవలెనని 1546 ఏప్రిల్ 8న ట్రెంటు మహాసభ నిర్ణయించెను. ఈ వివాదమును తెలుగు బైబిలులోని పదముల వెలుగున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తెలుగునాట క్రైస్తవమున ముందు వచ్చినది నోటిమాట, అచ్చుగ్రంథము తరువాతిది. 18వ శతాబ్ది ప్రారంభమున పుంగనూరు మొదలగు ప్రాంతములలో జెస్యూటు గురువుల వలన ఏర్పడిన సంఘములు, అచ్చైన తెలుగు సువార్త లేకయే, ఉపదేశము, ప్రార్థన, ఆరాధనక్రమము ఆధారముగా నిలిచినవి. ఆ శతాబ్ది పూర్వార్ధముననే బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగించినను అది అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిలు ఆనందరాయరు సాయముతో సువార్తల తెలిగింపునకు పూనుకొనిరి. వారిరువురి మరణానంతరము, 1812లో, మూడు సువార్తలు శ్రీరాంపురమున అచ్చైనవి. ఎడ్వర్డు ప్రిచెట్ తెలిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడినది.

ఇక ప్రకృతాంశము. గ్రీకు మూలమున 'పరదోసిస్' అను పద మొకటి కలదు. 'ఒకరు మరియొకరికి అప్పగించినది' అని దాని యర్థము. మార్కు సువార్త 7వ అధ్యాయమున యేసు పరిసయ్యుల నాక్షేపించునపుడు వచ్చు పదమిదియే. పౌలు కొరింథీయులను మెచ్చుకొనుచోట (1 కొరింథీ. 11:2) గల పదమును ఇదియే. నోటిమాటచే గాని పత్రికచే గాని నేర్చినదానిని గట్టిగా పట్టుకొనుడని అతడు థెస్సలొనీకయులకు వ్రాయుచోట (2 థెస్స. 2:15) గల పదమును ఇదియే.

ప్రొటెస్టంటు సంఘములలో చిరకాలముగా వాడుకలోనున్న తెలుగు అనువాదమున మొదటి చోట 'పారంపర్యాచారము', రెండవ చోట 'కట్టడలు', మూడవ చోట 'విధులు' అని కలవు. నిందించుచోట పారంపర్యము, మెచ్చుచోట కట్టడ, విధి. తెలుగు మాత్రమే చదువు విశ్వాసికి, బైబిలు పారంపర్యమును ఎల్లెడల నిరసించినట్లే తోచును. మూలమున నున్న చిక్కు అనువాదమున కనబడకుండ పోయినది.

ఇది తెలుగువారి యందే పుట్టిన పద్ధతి కాదు. 1611 నాటి ఆంగ్లానువాదమును కొరింథీ పత్రికలో కట్టడ యను అర్థమిచ్చు పదమునే వాడినది. కాని థెస్సలొనీక పత్రికలో సంప్రదాయ మను అర్థమిచ్చు పదమును నిలిపినది. అనువాదకుల పక్షమునను న్యాయము లేకపోలేదు. పౌలు స్వయముగా చెప్పిన బోధ వేరు, పెద్దల ఆచారము వేరు; రెంటికి నొకే పదము వాడిన పాఠకుడు మరియొక విధముగా పొరబడవచ్చును. అయినను ఆ భేదమును నిర్ణయించినది మూలములోని పదము కాదు, అనువాదకుని వ్యాఖ్య. ఆ వ్యాఖ్య అతని సంఘసంప్రదాయమునుండి వచ్చినది.

ఆచరణలోను ఈ ప్రశ్న సజీవమే. శిశువులకు బాప్తిస్మమిచ్చుటకు గ్రంథమున స్పష్టమైన ఆజ్ఞ లేదని, 1874లో కాకినాడయందు కేంద్రము నెలకొల్పిన కెనడా బాప్తిస్టులు దానిని అంగీకరింపలేదు. గుంటూరు లూథరనులు గ్రంథమునే ప్రమాణముగా గొనియు దానిని పాటించిరి. గ్రంథ మొక్కటియే, చదువు సంప్రదాయములు రెండు. అంతేకాదు, క్రొత్త నిబంధన గ్రంథములు 27 అను పట్టిక ఆ గ్రంథములలో నెచ్చటను లేదు. సరిగా ఆ ఇరువదియేడింటినే పేర్కొనిన తొలి పట్టిక 367లో అతనాసియసు వ్రాసిన లేఖలోనిది.

ఇరుపక్షములును కొంత దగ్గరకు వచ్చినవి. 1963లో మాంట్రియలున జరిగిన ప్రపంచ సంఘముల సభ సువార్తాపరంపరను, ఆయా సంఘముల సంప్రదాయములను వేరుపరచి చూపెను. గ్రంథము, పరంపర ఒకే దివ్యమూలము నుండి ప్రవహించునవి యని 1965లో రెండవ వాటికను మహాసభ వివరించెను.

గురజాడ జన్మించిన ఎస్. రాయవరమున నొక విశ్వాసి బైబిలు తెరచినప్పుడు అతనికి గ్రీకు తెలియదు. తెలుగు పదమే అతనికి ద్వారము. ఆ పదమును ఎవరు, ఏ నమ్మకముతో ఎన్నుకొనిరో పరిశోధించుట మతాచార్యుల పని మాత్రమే కాదు, తెలుగు శాఖల పనియు నగును. ఒక్క 'పరదోసిస్'కు గల తెలుగు రూపములను 1818 నుండి నేటి వరకు గల ముద్రణలలో సరిపోల్చినను, అది పరిశోధకునకు చాలినంత పని.