బరువు గొంతు శాపం కాదు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీ ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లవాడు ఉన్నాడా? ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే. లేకపోయినా వినండి, పక్కింట్లోనైనా ఒకడు ఉండకపోడు.

మాది నేరేడ్‌మెట్. మిలిటరీ కుటుంబాలు, రిటైరైన ఉద్యోగులు, గుళ్లూ చర్చీలూ అన్నీ ఇరుగు పొరుగుగా ఉండే చోటు. సాయంత్రమైతే ఒక ఇంట్లో పిల్లల సరళీ స్వరాలు, ఇంకో ఇంట్లో పియానో వినిపిస్తాయి. మా అబ్బాయి ఏడో ఏట సంగీతంలో చేరాడు. గొంతు సన్నగా, గుడిగంటలా ఖంగుమనేది. పేరంటానికి వచ్చినవాళ్లంతా వాడి చేత ఒక కీర్తన పాడించుకుని గానీ కదిలేవారు కాదు. పద్నాలుగో ఏట ఒకరోజు పొద్దున్నే వెనకనుంచి "అమ్మా, కాఫీ" అని వినిపిస్తే, పరాయి మగవాడెవరో వంటింట్లోకి వచ్చాడనుకుని గరిటె జారవిడిచాను. చూస్తే మావాడే!

అక్కడినుంచి మొదలైంది అవస్థ. పై షడ్జం అందుకోబోతే గొంతు చీలేది. కిందికి దిగితే గరగర. నేర్పే మాస్టారు నెల రోజులు చూసి, "గొంతు పోయిందమ్మా, వీణ్ణి మృదంగంలో పెట్టండి" అన్నారు. మావారు "పోనీ, చదువైనా సాగుతుంది" అన్నారు. వాడు ఏమీ అనలేదు. శ్రుతిపెట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది.

మా వీధి చివర మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఈ సంగతి ఆయన చెవిన వేశాను. ఆయన నవ్వి, "గొంతు పోలేదమ్మా, దిగింది. పోవడం వేరు, దిగడం వేరు" అని, ఒక ఇటాలియన్ ఆపెరా రికార్డు పెట్టి వినిపించారు. భాష ఒక్క ముక్క తెలియదు. కానీ ఆ గొంతు! నూతిలోంచి వచ్చినట్టు లోతుగా, అయినా ఎంతో స్పష్టంగా ఉంది. "దీన్ని బారిటోన్ అంటారు. మీవాడి గొంతు ఇటువైపే నడుస్తున్నట్టుంది" అన్నారాయన. ఆనాటి నుంచి ఈ విషయం గురించి అడిగి, చదివి తెలుసుకున్నవే మీకిప్పుడు చెబుతున్నాను.

ముందు ఈ గొంతు మారడమేమిటో చూద్దాం. మన కంఠంలో రెండు చిన్న స్వరతంత్రులు ఉంటాయి. ఊపిరి తగిలినప్పుడు అవి అదురుతాయి, అదే ధ్వని. యుక్తవయసు రాగానే మగపిల్లల్లో కంఠనాళం పెరుగుతుంది, తంత్రులు పొడుగై, మందమవుతాయి. వీణలో సన్న తీగకూ లావు తీగకూ ఉన్న తేడా మనకు తెలిసిందే గదా! అలాగే పిల్లవాడి గొంతు కూడా దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ గొంతు మారుతుంది, కానీ కొద్దిగానే, అందుకే మనం అంతగా గమనించం. ఈ మార్పు కొందరికి కొద్ది నెలల్లో తీరిపోతుంది, కొందరికి ఏడాది పైన పడుతుంది. ఈలోగా బలవంతాన పాత శ్రుతిలోనే పాడించడం, కాళ్లు పెరిగిన పిల్లవాడికి పాత చెప్పులు తొడగడం లాంటిది.

ఇక ఆపెరా అంటే, మాటలకు బదులు పాటతోనే కథ నడిచే నాటకం. సుమారు 1600 ప్రాంతాల ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. మన పద్యనాటకానికి దూరపు చుట్టమనుకోండి. అందులో మగవారి గొంతులను ముఖ్యంగా మూడు రకాలుగా విడదీస్తారు. పైన పలికేది టెనర్, అడుగున పలికేది బేస్, మధ్యన ఉండేది బారిటోన్. ఈ మాటకు గ్రీకులో 'బరువుగా మోగేది' అని అర్థం. లోకంలో ఎక్కువమంది మగవారి గొంతు ఈ మధ్య రకమేనట. సెకనుకు సుమారు నూరు కంపనాల నుంచి నాలుగువందల దాకా వారి పాట సాగుతుంది.

ప్రేమించే కథానాయకుడి వేషం సాధారణంగా టెనర్‌ది. తండ్రి, అన్న, రాజు, ప్రతినాయకుడు, తెలివిగల సేవకుడు, ఇవన్నీ బారిటోన్‌వి. 1816లో రోములో ప్రదర్శించిన రొస్సీని 'సెవిల్ క్షురకుడు' నాటకంలో ఊరంతటికీ కావలసినవాడైన మంగలి ఫిగారోది ఈ గొంతే. 1851లో వెనిస్‌లో ప్రదర్శించిన వెర్డీ 'రిగొలెట్టో'లో కథానాయకుడే బారిటోన్. అతను రాజాస్థానంలో గూని విదూషకుడు. పదిమందినీ నవ్వించి, ఇంటికొచ్చి కన్నకూతుర్ని గుండెల్లో దాచుకుని ఏడ్చే తండ్రి. వెర్డీ ఇలాంటి పాత్రలు రాశాకనే ఈ గొంతుకు నాటకంలో అగ్రతాంబూలం దక్కింది. వయసు, బాధ్యత, దుఃఖం, అధికారం పలకాలంటే బరువు కావాలి మరి.

ఇంకో విశేషం చెబుతాను. ఆపెరా గాయకుడి ముందు మైకు ఉండదు. ఎదురుగా యాభై, అరవైమంది వాద్యగాళ్లు, ఆ వెనక వేయి, రెండువేలమంది జనం ఉంటారు. అయినా చివరి వరుస దాకా వినిపిస్తాడు. అరుస్తాడా? అరిస్తే వారం తిరక్కుండా గొంతు కూర్చుంటుంది. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ ఈ కిటుకును 1970లలో పరిశోధించి చెప్పారు. వాద్యబృందం జోరు సెకనుకు ఐదువందల కంపనాల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన మగ గాయకుడు కంఠనాళాన్ని కిందికి దించి, గొంతు లోపలి చోటును ఒక ప్రత్యేకమైన తీరులో అమర్చుకుని, మూడువేల కంపనాల దగ్గర ఒక మెరుపు తెప్పిస్తాడు. అక్కడ వాద్యాల సందడి తక్కువ కనుక ఆ గొంతు వాటి పైనుంచి దూసుకుపోతుంది. సంతలో పదిమంది కేకల మధ్య గాజులమ్మి గొంతు మనకు విడిగా వినిపించదూ, అలాగన్నమాట.

ఈ విద్య పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. పైగా బరువు గొంతు ఆలస్యంగా పండుతుంది. ఇరవయ్యేళ్లకు అది పచ్చికాయే. ముప్పయ్యో పడి దాటాక గాని వెర్డీ వేషాలకు పెద్దగా పిలవరు. ఈలోగా సంగీత కళాశాల, రెండు మూడు పరభాషల ఉచ్చారణ, నటన, చిన్న చిన్న వేషాలు, పోటీలు. 1989లో వేల్స్ దేశంలోని కార్డిఫ్ పోటీలో రష్యాకు చెందిన ద్మిత్రీ హ్వొరొస్తోవ్‌స్కీ మొదటి బహుమతి గెలిచాడు. రైతుబిడ్డ బ్రిన్ టెర్‌ఫెల్‌కు అదే పోటీలో పాటల విభాగపు బహుమతి దక్కింది. తరవాత ఇద్దరూ లోకమంతా పేరు తెచ్చుకున్నారు. ఓడినవాడి చరిత్ర ముగిసిపోలేదు, చూశారా!

జర్మనీకి చెందిన డీట్రిచ్ ఫిషర్ డీస్కౌ కథ వినండి. 1925లో బెర్లిన్‌లో పుట్టాడు. చదువు పూర్తికాకుండానే యుద్ధంలోకి లాగారు. 1945లో ఇటలీలో అమెరికన్లకు బందీగా చిక్కాడు. ఆ బందీల శిబిరంలోనే తోటివారికి పాడేవాడు. ఇంటికి తిరిగొచ్చాక 1948లో బెర్లిన్ ఆపెరాలో మొదటి పెద్ద వేషం వేశాడు. అప్పటికి ఇరవైమూడేళ్లు. 1992 చివర్లో పాట చాలించే వరకు నలభై ఏళ్లకు పైగా ఆ గొంతును కాపాడుకున్నాడు. 2012లో కన్నుమూశాడు. కేకలు వేసే గొంతు కాదు, ప్రతి మాటనూ తూచి పలికే గొంతు ఆయనది.

ఇక అన్నం సంగతి. తల్లులం గనక అది అడక్కుండా ఉండలేం. జర్మనీలో ప్రభుత్వ సహాయంతో నడిచే ఆపెరా సంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ కొందరికి నెల జీతం దొరుకుతుంది. మిగతా చాలామందికి ఆడిన ఆటకే డబ్బు. జలుబు చేసి రాలేకపోతే ఆ రాత్రి కూలి లేదు. ఏడాదిలో సగం రోజులు హోటళ్లలోనే. అందుకే చాలామంది పాఠాలు చెప్పుకుంటారు, చర్చిలో పాడుకుంటారు. మన దేశంలో ఈ విద్యకు చోటు ఇంకా తక్కువ. బొంబాయిలో 1911లో ప్రారంభించిన రాయల్ ఆపెరా హౌస్ 1993లో మూతపడి, మళ్లీ 2016లో గాని తెరుచుకోలేదు. కనుక "గొంతుంది, విదేశం పంపేద్దాం" అని తొందరపడవద్దు. ఉన్న మాట ముందే చెప్పడం మంచిది.

అయితే మనకు ఈ సంప్రదాయం లేదా? లేకేం! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. ఆనాడు మొదలైన సురభి నాటక కుటుంబాలు తరాల తరబడి పాటనూ పద్యాన్నీ నమ్ముకుని బతికాయి. తల్లి వేషం కట్టి రంగం మీద ఉంటే చంటిపిల్ల తెర వెనక ఉయ్యాల్లో నిద్రపోయేది. మైకులు లేని రోజుల్లో మన నటులు పద్యాన్ని పై శ్రుతిలో ఎత్తుకునేవారు, దూరానికి వినబడాలి కదా. బహుశా అందుకే మనకు 'మంచి గొంతు' అంటే 'పైకి పలికే గొంతు' అనే భ్రమ కలిగిందని నా ఊహ.

ఆ భ్రమ పోగొట్టినవారు లేకపోలేదు. 1922లో గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యంగారిని తలుచుకోండి. రంగస్థలం మీద ఆరితేరి సినిమాలకు వచ్చారు. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు విందు ముందు కూర్చుని పాడే పాట ఎవరిది? సత్యంగారిదే. ఆ పాట సన్నటి గొంతుతో ఊహించుకోండి, లడ్డూలు కూడా నవ్విపోతాయి! నాయకుల పాటలు ఎక్కువగా ఇతరులు పాడుతున్న కాలంలో ఆయన రాక్షసులకూ, హాస్యగాళ్లకూ తన గొంతిచ్చి, ఎవరూ భర్తీ చేయలేని చోటు సంపాదించారు. 2000లో ఆయన వెళ్లిపోయినా, మన పిల్లలకు ఆ పాట ఈనాటికీ నోటికి వచ్చు.

కనుక అక్కచెల్లెళ్లారా, గొంతు మారే పిల్లవాడున్న ఇంట్లో చేయవలసినవి చాలా చిన్న పనులే. శ్రుతి తగ్గించమని మాస్టారిని మర్యాదగా అడగండి. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడడం వాడుక. పిల్లవాడికి ఇంకా కిందే హాయిగా ఉంటే అక్కడే పాడనివ్వండి. ఆ రోజుల్లో సాధన తగ్గించండి, మానిపించకండి. జలుబు చేసినప్పుడు, జ్వరంలో పాడించకండి. మంచినీళ్లు బాగా తాగనివ్వండి. క్రికెట్టు ఆటలో గొంతు చించుకోవద్దని చెప్పండి, వింటాడని కాదు గాని! బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. అన్నిటికంటే ముఖ్యం, చుట్టాల ముందు వాడి గొంతును చూసి నవ్వకండి. ఆ వయసులో ఒక్క నవ్వు చాలు, పదేళ్లు నోరు విప్పడు.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పెద్దాయన ఇంట్లో రికార్డు విన్న వారానికి, నేను అడక్కుండానే అటక ఎక్కి శ్రుతిపెట్టె దించాడు. శ్రుతి బాగా తగ్గించుకుని, తలుపు వేసుకుని పాడుకున్నాడు. నేను వంటింట్లో పప్పు ఎనుపుతూ విన్నాను. నాకు తెలిసిన గొంతు కాదది. కాని బాగుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వాడు గాయకుడవుతాడో, గుమాస్తా అవుతాడో నాకు తెలియదు. పాడుతున్నాడు, అంతే.

మొన్న ఆ పాత మాస్టారు బజారులో కనిపిస్తే మావాడే ఎదురెళ్లి నమస్కారం పెట్టాడు. "ఎవరు బాబూ నువ్వు? గొంతు పోల్చుకోలేకపోయాను" అన్నారాయన. "నేనేనండీ, దిగింది" అన్నాడు వాడు నవ్వుతూ.

సెలవు.