ఆగి ఆగి ఎగిరిన సారస్
తేలికపాటి విమానం కోసం దేశం చేసిన ప్రయత్నాన్ని సాంకేతిక చిక్కుల కన్నా ఊగిసలాటే ఎక్కువ దెబ్బతీసింది

2004 మే 29న బెంగుళూరులోని హెచ్ఏఎల్ విమానాశ్రయంలో రెండింజన్ల చిన్న విమానమొకటి తొలిసారి నేలను వదిలింది. పేరు సారస్. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్ఏఎల్) రూపొందించిన ఈ 14 సీట్ల విమానం అసలు 2001 మార్చికల్లా ఎగరాల్సింది. మూడేళ్లు ఆలస్యమైనా శాస్త్రవేత్తల్లో ఆనందం తక్కువేమీ కాదు. చిన్న పట్టణాలను కలిపే ఫీడర్ సర్వీసు, ఎయిర్ అంబులెన్స్, వైమానిక దళంలో శిక్షణ, ఇలా ఎన్నో పనులకు ఒకే విమానం సరిపోతుందన్నది వారి అంచనా.

ఆలోచన అంతకంటే పాతది. 1990 దశకం తొలినాళ్లలో రష్యాకు చెందిన మ్యాసిష్చెవ్ డిజైన్ బ్యూరోతో కలిసి ఈ విమానాన్ని తయారు చేయాలనుకున్నారు. సోవియట్ యూనియన్ కుప్పకూలాక ఆ సంస్థ ఆర్థిక ఇబ్బందులతో తప్పుకుంది. భారం ఎన్ఏఎల్ ఒక్కదాని మీదే పడింది. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా విధించిన ఆంక్షలతో విడిభాగాలు తెప్పించుకోవడమూ కష్టమైంది. కేంద్రం ప్రాజెక్టుకు పచ్చజెండా ఊపింది 1999 సెప్టెంబర్‌లో.

డిజైన్ కూడా సాహసోపేతమైనదే. మామూలుగా ఇంజన్లు రెక్కల మీద ఉండి విమానాన్ని ముందుకు లాగుతాయి. సారస్‌లో అవి తోక దగ్గర ఉండి వెనుక నుంచి నెడతాయి. దీనివల్ల క్యాబిన్‌లో రొద తగ్గుతుంది. కానీ బరువంతా వెనక్కి చేరడంతో సమతూకం సాధించడం కష్టం. ఇటలీ తయారీ పియాజియో అవంతి లాంటి అతికొద్ది విమానాలే ఈ దారిలో సఫలమయ్యాయి.

అసలు తలనొప్పి బరువు. తొలి నమూనా (పీటీ-1) అనుకున్న దానికన్నా దాదాపు 900 కిలోలు ఎక్కువ తూగింది. విమానం బరువెక్కిన కొద్దీ ప్రయాణికులు, ఇంధనం తగ్గించుకోవాల్సిందే. 850 హార్స్‌పవర్ ఇంజన్లు చాలవని తేలడంతో 2007 ఏప్రిల్ 18న ఎగిరిన రెండో నమూనా (పీటీ-2)కు 1,200 హార్స్‌పవర్ ఇంజన్లు అమర్చారు. తేలికైన కాంపోజిట్ పదార్థాలతో కొంత బరువూ తగ్గించారు. వైమానిక దళం 15 విమానాలు తీసుకోవడానికి ముందుకొచ్చింది. గమ్యం దగ్గరపడినట్టే కనిపించింది.

2009 మార్చి 6న అంతా తలకిందులైంది. గాల్లో ఒక ఇంజన్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరీక్ష కోసం పీటీ-2 బయల్దేరింది. ఒక ఇంజన్ మొరాయించినా విమానం సురక్షితంగా దిగగలదని నిరూపించడానికి ఇలాంటి పరీక్షలు తప్పవు. కానీ ఆ విమానం అదుపు తప్పి బెంగుళూరు శివార్లలోని బిడది సమీపంలో కూలిపోయింది. టెస్ట్ పైలట్లు వింగ్ కమాండర్ ప్రవీణ్ కోటెకొప్ప, వింగ్ కమాండర్ దీపేశ్ షా, ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్ స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా ప్రాణాలు కోల్పోయారు. ఇంజన్‌ను తిరిగి స్టార్ట్ చేయడానికి డిజైనర్లు రూపొందించిన పద్ధతే తప్పని, దాన్ని చాలినంత ఎత్తు లేకుండా ప్రయత్నించారని దర్యాప్తు తేల్చింది.

అంటే లోపం విమానంలో కన్నా పరీక్షా విధానంలో ఎక్కువగా ఉంది. దిద్దుకోగలిగిన లోపమే అది. కానీ తర్వాతి ఏళ్లలో నిధులు ఆగిపోయాయి, ప్రాజెక్టు అటకెక్కింది. 2015లో వైమానిక దళం కోసం 14 డోర్నియర్-228 విమానాలకు ప్రభుత్వం హెచ్ఏఎల్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. జర్మనీ డిజైన్ అయిన డోర్నియర్‌ను హెచ్ఏఎల్ 1980 దశకం నుంచీ కాన్పూర్‌లో లైసెన్సుపై తయారు చేస్తోంది. సిద్ధంగా ఉన్న విమానం చేతిలో ఉండగా ఎప్పుడొస్తుందో తెలియని దాని కోసం సైన్యం ఎదురుచూడదు.

ప్రభుత్వం మళ్లీ మనసు మార్చుకున్నాక పాత పీటీ-1నే మెరుగుపరిచి పీటీ-1ఎన్‌గా మార్చారు. 2018 జనవరి 24న అది బెంగుళూరు గగనతలంలో 40 నిమిషాలు విహరించింది. ఆ తర్వాత దృష్టి 19 సీట్ల సారస్ మార్క్-2 మీదికి మళ్లింది.

అప్పటికి పోటీ మరింత ముదిరింది. 2017లో పౌర విమానయాన ధ్రువీకరణ పొందిన కాన్పూర్ డోర్నియర్, 2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ సర్వీసుగా అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు ప్రయాణికులను చేరవేసింది. సారస్ చేస్తుందనుకున్న పని అదే.

విమానం తయారీలో ఆలస్యాలు, ప్రమాదాలు ఏ దేశానికైనా తప్పవు. మధ్యలో ఆపేస్తే మాత్రం డబ్బు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి అనుభవం గడించిన ఇంజనీర్ల బృందాలూ చెదిరిపోతాయి. వాటిని తిరిగి కూడగట్టడానికి మంజూరు ఉత్తర్వులు చాలవు.