ఫ్లెక్సీ వేయిస్తే డిజైన్ ఉచితమా?

విశాఖపట్నం: ద్వారకానగర్ నుంచి గాజువాక వరకు ఏ ఫ్లెక్సీ దుకాణంలోనైనా ధర చదరపు అడుగుల్లోనే చెబుతారు. అక్షరాలు పేర్చి, ఫొటోలు కత్తిరించి, రంగులు కుదిర్చిన కుర్రాడి శ్రమ ఆ లెక్కలోకి రాదు. ‘ఫ్లెక్సీ వేయిస్తే డిజైన్ ఉచితం’ అన్న మాట స్థిరపడిపోవడమే నగరంలోని గ్రాఫిక్ డిజైనర్ల ఎదుగుదలకు తొలి ఆటంకం. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఈ నగరంలోనే ప్రకటించినప్పుడు, దానినే నమ్ముకున్నవారు ఉలిక్కిపడ్డారు. ఫ్లెక్సీ పోయినా నిలిచే పని చేతిలో ఉండాలన్నది అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

ఆ పని తెలుగు అక్షరంలోనే ఉంది. చిత్రకారుడు బాపు మద్రాసులో జె.వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థలో పనిచేసినవారే. కింద సంతకం లేకపోయినా ఆ చేతిరాత ఎవరిదో పాఠకుడు ఇట్టే పోల్చుకునేవాడు. అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? నేటి డిజైనర్లలో పలువురు ఆంగ్ల అక్షరాలపై చూపే శ్రద్ధను తెలుగుపై చూపరు. అచ్చు పనికి అలవాటైన అను ఫాంట్లలో కూర్చిన పాఠం అంతర్జాలంలో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో కూర్చితే దొరుకుతుంది. గిడుగు, గురజాడ పేర్లతో ఉన్న యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. పాత ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా భాషల అమరికను ఎంచుకోవాల్సి వచ్చేది. ఒత్తు చెదిరిన బోర్డు నాలుగు రోడ్ల కూడలిలో వేలాడితే పోయేది రూపకర్త పరువే.

ఇంకా ఎవరూ పని ఇవ్వలేదని ఆగనవసరం లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అలాంటి సరుకుకు ఒక పెట్టె, ఒక లేబుల్ సొంతంగా రూపొందించి, ‘నమూనా మాత్రమే’ అని రాసి బిహాన్స్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఉంచవచ్చు. యాభై పుట్టినరోజు ఫ్లెక్సీల కంటే ఇలాంటివి ఐదు చాలు. ఆటోనగర్ పరిశ్రమలకు పంపేటప్పుడు మాత్రం బొమ్మల కంటే బ్రోచరు, సాంకేతిక వివరాల పట్టిక చూపడం మేలు.

ఇక డబ్బు సంగతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, మూల ఫైలు ఇస్తారో లేదో ముందే కాగితంపై రాసుకుని, సగం సొమ్ము బయానాగా తీసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపై హక్కు సాధారణంగా యజమానిదే. స్వతంత్రంగా గీసిన లోగోపై హక్కు మాత్రం రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు సాధారణంగా రూపకర్తదే. బకాయిలకూ చట్టం ఉంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. జాప్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఒంటరిగా ఇంట్లో పనిచేసే డిజైనరూ నమోదు చేసుకోవచ్చు. పని అప్పగించడానికి ముందే ఇది పూర్తిచేసుకోవాలి. ఆధార్, పాన్ వివరాలు ఉంటే చాలు, రుసుము లేదు.