రౌతుకు తగిన గుర్రం

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది" అని మన సామెత. పిల్లలూ, మీరు దీన్ని వినే ఉంటారు. గుర్రాన్ని కొట్టి లొంగదీయాలని దీని అర్థమని చాలామంది అనుకుంటారు. గుర్రానికి దెబ్బలతో పని లేదు. తన మీద కూర్చున్నవాడికి ఏం కావాలో దానికి స్పష్టంగా తెలిస్తే చాలు. ఆ సంగతి గుర్రానికి తెలియజెప్పడం చేతకాని రౌతే మెత్తని రౌతు.

ఇప్పుడు పట్టణాలలో గుర్రపుస్వారీ నేర్పే శిక్షణశాలలు ఉన్నవి. నాలుగు వారాలు నేర్చుకోగానే "నాకు సొంత గుర్రం కావాలి" అని పిల్లలు మారాం చేస్తారు. తండ్రి విచారించగా ఎక్కడో ఒక అందమైన గుర్రం చవకగా వస్తుంది. "కొంచెం హుషారు జాస్తి, అంతే!" అంటాడు అమ్మేవాడు. ఆ హుషారు ఎటువంటిదో ఇంటికి తెచ్చాక గాని తెలియదు. జీను వేయబోతే కరుస్తుంది. ఎక్కబోతే పక్కకు గెంతుతుంది. ఎక్కాక ముందుకాళ్ళు పైకెత్తి నిలువుగా లేస్తుంది. పగ్గం లాగినకొద్దీ ఇంకా వేగంగా దౌడు తీస్తుంది. కొత్తగా స్వారీ నేర్చుకునేవాడు అటువంటి గుర్రాన్ని కొనవచ్చునా? "ఎందుకు కొనకూడదు? అలెగ్జాండరు కొనలేదా?" అని మీలో చరిత్ర చదివినవారు అడగవచ్చు. ముందు ఆ కథే చూద్దాం.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోనియాను ఫిలిప్పు రాజు పాలించేవాడు. అలెగ్జాండరు ఆయన కుమారుడు. ఒకనాడు థెస్సలీ దేశపు వర్తకుడు ఫిలోనైకస్ బ్యూసెఫలస్ అనే గుర్రాన్ని అమ్మజూపాడు. ధర 13 టాలెంట్లు. ఒక టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి. అనగా ఒక్క గుర్రానికి మూడువందల కిలోలకు పైగా వెండి అన్నమాట! తీరా చూస్తే అది ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. ఫిలిప్పు దాన్ని తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి బాలుడైన అలెగ్జాండరు మాత్రం అందరూ గమనించని విషయం ఒకటి గమనించాడు. ఆ గుర్రం నేలమీద కదిలే తన నీడను చూసి బెదురుతున్నది! అతడు దాని ముఖాన్ని సూర్యునివైపు తిప్పి నీడ వెనక్కు పోయేటట్లు చేశాడు. మెల్లగా నిమిరి, తన పైవస్త్రాన్ని చప్పుడు లేకుండా జారవిడిచి, తేలికగా దానిపైకి ఎక్కాడు. ఈ కథను ప్లూటార్కు అనే గ్రీకు రచయిత రాసిపెట్టాడు. ఆ గుర్రం అలెగ్జాండరుతో మన దేశం దాకా వచ్చింది. క్రీ.పూ. 326లో జీలం నదివద్ద పోరస్‌తో యుద్ధం జరిగిన కాలంలో అది చనిపోగా, అలెగ్జాండరు దాని పేరున ఒక పట్టణం కట్టించాడు.

కథ బాగున్నది. కాని అందులో మరొక సంగతి ఉన్నది. మాసిడోనియా రాజకుటుంబంలో పుట్టిన బాలుడు గుర్రాల మధ్యనే పెరిగాడు. చుట్టూ అశ్వాల సంగతి తెలిసిన పెద్దలు నిలబడి ఉన్నారు. అతడు ముందు గుర్రాన్ని చూచి, భయానికి కారణం కనిపెట్టి, తరువాతనే ఎక్కాడు. నాలుగు వారాలు స్వారీ నేర్చుకున్నవానికి ఈ మూడింటిలో ఒక్కటైనా ఉన్నదా?

గుర్రం ఎందుకు అట్లా ప్రవర్తిస్తుందో కాస్త శాస్త్రం తెలుసుకుందాం. గుర్రం గడ్డిమేసే జంతువు. వేల తరాలుగా దాన్ని వేటాడే మృగాలు ఉన్నవి. దానికి కొమ్ములు లేవు, గోళ్ళు లేవు. పరుగే దాని రక్షణ. అందుకే అనుమానం కలిగితే ముందు పరుగెత్తి, ఆ తరువాతనే ఆలోచిస్తుంది. దాని కళ్ళు తలకు ఇరుపక్కల ఉంటవి. కావున నిలుచున్నచోటనే సుమారు 350 డిగ్రీల మేర, అనగా దాదాపు చుట్టూ, చూడగలదు. కనపడని చోట్లు రెండే: సరిగ్గా నొసటి ముందు కొద్దిపాటి జాగా, సరిగ్గా తోక వెనుక భాగం. చెప్పాపెట్టకుండా వెనుకనుంచి వచ్చినవానిని అది తన్నితే, మనిషి అని తెలిసి తన్నిందని అనుకోరాదు. వెనుక పులి ఉన్నదో, మనిషి ఉన్నాడో దానికి కనపడదు. పారిపోయే దారి లేకపోతే తన్నుతుంది, కరుస్తుంది. పెద్ద గుర్రం బరువు 400 మొదలు 500 కిలోలు. అంత బరువు బెదిరినప్పుడు ఎదుట ఉన్నవాని గతి ఏమిటో ఊహించండి!

భయం ఒక కారణం. రెండవది నొప్పి. అరిగి కొనదేలిన పన్ను చెంపకు గుచ్చుకున్నా, జీను సరిపోక వీపు ఒరుసుకున్నా, డెక్కలో పుండు ఉన్నా గుర్రం నోరు విప్పి చెప్పలేదు. ఎక్కినవాణ్ణి పడదోయడమే దాని ఫిర్యాదు. మూడవది, దాణా ఎక్కువ, పని తక్కువ. రోజంతా శాలలో కట్టివేసి గుగ్గిళ్ళు మేపితే సాయంత్రం బయటికి తెచ్చినప్పుడు ఎగిరి గంతులు వేయక ఏం చేస్తుంది?

నాలుగవ కారణం అన్నిటికంటె ముఖ్యమైనది: గుర్రం పాఠం నేర్చుకుంటుంది. అది ఒకసారి ముందుకాళ్ళెత్తి లేచిందనుకోండి. రౌతు హడలిపోయి దిగిపోయాడు. గుర్రం ఏం నేర్చుకున్నది? "లేస్తే వీపుమీది బరువు దిగిపోతుంది, నన్ను శాలకు తీసుకుపోతారు" అని. మరునాడు ఇంకా త్వరగా లేస్తుంది. పందెపు గుర్రాల సంగతీ ఇటువంటిదే. మలక్‌పేట వంటి మైదానాలలో పరుగెత్తే గుర్రాలకు చిన్నప్పటినుంచి వేగమే నేర్పుతారు. పగ్గం బిగిసినప్పుడు దానిమీద ఆనుకొని పరుగెత్తడం వాటికి అలవాటవుతుంది. పందేలనుంచి విరమించాక వాటిలో కొన్ని చవకగా అమ్ముడవుతవి. కొత్తవాడు అటువంటి గుర్రాన్ని ఎక్కి, భయంతో పగ్గం బిగించి పట్టుకుంటాడు. ఆపుతున్నానని వీడి ఉద్దేశం. పరుగెత్తమంటున్నాడని దాని ఉద్దేశం!

రౌతు మనస్సులోని భయం గుర్రానికి ఎట్లా తెలుస్తుంది? దీనికి జర్మనీలో జరిగిన ఒక విచిత్రం చెబుతాను. బెర్లిను నగరంలో ఫాన్ ఆస్టెన్ అనే ఉపాధ్యాయుని వద్ద హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే కాలితో నేలను తట్టి జవాబు చెప్పేది. జనం విరగబడి చూశారు. 1907లో ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి గుట్టు విప్పాడు. హాన్సుకు లెక్కలు రావు. తట్టడం సరియైన అంకెకు చేరగానే అడిగినవాని తల, ఒళ్ళు తెలియకుండానే రవంత కదిలేవి. అది చూసి గుర్రం ఆగేది. అంత చిన్న కదలికను కనిపెట్టగల జంతువు వీపుమీద మనం వణుకుతూ కూర్చుంటే దానికి తెలియకుండా ఉంటుందా? "పైనున్నవాడు భయపడుతున్నాడు. ఏదో ప్రమాదం ఉన్నది కాబోలు!" అన్నట్లుగా అదీ బెదురుతుంది. అది బెదరగానే వీడి భయం రెట్టింపవుతుంది.

నలభై ఏళ్ళకు దగ్గరగా బడి నడిపినవాణ్ణి గనుక ఈ మాట బడి భాషలోనే చెబుతాను. స్వారీ అంటే ఇద్దరు కూర్చున్న తరగతి. అందులో ఒక్కరికైనా పాఠం వచ్చి ఉండాలి. గుర్రానికి రాకపోతే రౌతు నేర్పాలి. రౌతుకు రాకపోతే గుర్రం నేర్పాలి. ఇద్దరికీ రాకపోతే అది గురువు లేని తరగతి. అక్కడ ఒకరి తప్పును మరొకరు నేర్చుకుంటారు.

మరి చెడ్డ గుర్రం బాగుపడదా? బాగుపడుతుంది. 1858లో రేరీ అనే అమెరికా దేశస్థుడు ఇంగ్లండుకు వచ్చి, క్రూజర్ అనే గుర్రాన్ని సాధు చేశాడు. దాని కరుపుకు భయపడి మూతికి ఇనుప చిక్కం తగిలించి ఉంచేవారు. రేరీ కొద్ది గంటలలోనే దాన్ని తాకి నిమరగలిగాడు. ఆ తరువాత తన దేశానికి తీసుకుపోయాడు. కాని రేరీ బాల్యంనుంచి ఆ పనిలో ఉన్నవాడు. ఆయన దాని కాలు పట్టీతో కట్టి పడుకోబెట్టిన పద్ధతిని నేటి శిక్షకులు చాలామంది ఒప్పుకోరు. ఎట్లయినా అది నిపుణుడు చేయవలసిన పని. జ్వరం వచ్చినవానికి వైద్యం చేయవచ్చు, కాని వైద్యం చేసేవాడు వైద్యుడై ఉండాలి గదా!

ఇక తల్లిదండ్రులకు కొన్ని మాటలు. గుర్రాన్ని పరీక్షించి కొనడం ఎప్పటినుంచో ఉన్న విద్య. సుమారు 2,400 ఏళ్ళక్రితం గ్రీసులో జెనోఫన్ ఈ విషయమై గ్రంథం రాశాడు. ఇంటికి పునాది ఎట్లాగో గుర్రానికి పాదాలు అట్లాగని, ముందు వాటినే చూడమన్నాడు. మన తెలుగులో మనుమంచి భట్టు "హయలక్షణ విలాసము" రాశాడు. నేటి కొనుగోలుదారు పాటించవలసినవి ఇవి:

మొదటిది, ఒంటరిగా వెళ్ళవద్దు. పిల్లవానికి స్వారీ నేర్పే గురువును వెంట తీసుకుపోండి.

రెండవది, గుర్రాన్ని శాలలోనుంచి తెచ్చేది, జీను వేసేది మీ కళ్ళతో చూడండి. మీరు వెళ్ళేసరికే జీను వేసి, చెమటతో ఉంటే, ముందే అలసిపోయేటట్లు తిప్పి ఉంచారేమోనని అనుమానించండి.

మూడవది, అమ్మేవాడినే ముందు ఎక్కమనండి. అతడు ఎక్కని గుర్రాన్ని మీ బిడ్డ ఎక్కకూడదు. తరువాత గురువు, చివరకు పిల్లవాడు. ఒకరోజు చూసి తృప్తిపడక, మరొక రోజు చెప్పకుండా వెళ్ళి చూడండి.

నాలుగవది, డబ్బు ఇవ్వకముందే పశువైద్యుని చేత పళ్ళు, కళ్ళు, కాళ్ళు, వీపు పరీక్ష చేయించండి. మత్తుమందు ఇచ్చి సాధువుగా చూపే మోసం కూడా ఉన్నది. రక్తపరీక్షలో అది బయటపడుతుంది. వయస్సు కూడా అడగండి. సుమారు 5 ఏళ్ళకు గుర్రానికి పాలపళ్ళన్నీ ఊడి స్థిరమైన పళ్ళు వస్తవి. ఆపైన పళ్ళ అరుగుదలను బట్టి అంచనా వేస్తారు. నేర్చుకునేవానికి పదేళ్ళు దాటిన, రద్దీ రోడ్డును, కుక్క అరుపును చూసి చలించని గుర్రం మంచిది. అందం తరువాత చూసుకోవచ్చు.

ఐదవది, ఖర్చు లెక్కవేయండి. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 మొదలు 8 కిలోల ఎండుమేత కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి డెక్కలు చెక్కించాలి. ఇది 25 ఏళ్ళు బ్రతకగల ప్రాణి. కొన్నది చవకైనా మేపు చవక కాదు.

ఒకవేళ అటువంటి గుర్రాన్ని ఇప్పటికే కొని ఉంటే? వెంటనే ఎక్కడం మానండి. పశువైద్యునికి చూపించి నొప్పి ఉన్నదేమో తెలుసుకోండి. నొప్పి లేదంటే అనుభవం గల శిక్షకునికి అప్పగించండి. అమ్మవలసి వస్తే దాని గుణం దాచకుండా చెప్పి, చేతనైనవానికే అమ్మండి. దాచి అమ్మితే మన ఇంటి ప్రమాదాన్ని ఇంకొకరి బిడ్డ వీపుకు కట్టినట్లే. గుర్రానికీ అది అన్యాయమే. చేతులు మారినకొద్దీ దానికి భయం పెరుగుతుంది. చివరకు ఎవరికీ పనికిరానిదని దాన్ని వదిలివేస్తారు.

పిల్లలూ, గుర్రం ఎక్కినప్పుడు మీ తల నేలకు దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎంత సాధువైన గుర్రమైనా శిరస్త్రాణం లేకుండా ఎక్కవద్దు. దగ్గరకు పోయేటప్పుడు పక్కనుంచి, మాట్లాడుతూ పొండి. "ఇది నాకు లొంగదు, దిగుతాను" అని గురువుతో చెప్పడానికి సిగ్గుపడవద్దు. ముందు ముసలి గుర్రం దగ్గర పాఠం నేర్చుకోండి. అది మీవంటి పిల్లలను ఎందరినో వీపున మోసి ఉంటుంది. మీరు చేసే తప్పులన్నీ దానికి ముందే తెలుసు. రేపు మీకు పాఠం వచ్చాక, పాఠం రాని గుర్రానికి మీరే గురువు కావచ్చు.