గుత్తకిచ్చిన పని – ఈయరాని బాధ్యత

సరకును తయారుచేయుట యొక విద్య. దానిని చేరవలసిన చోటికి, చేరవలసిన వేళకు, చెడకుండ చేర్చుట మఱియొక విద్య. మొదటిదానియందు మన రైతులును, వర్తకులును ఎవ్వరికిని తీసిపోరు. రెండవదానిని మాత్రము బండి కిరాయిలోను, గిడ్డంగి యద్దెలోను ఇమిడిపోవు చిల్లర ఖర్చుగా నెంచువారు మనలో నింకను పెక్కురు కలరు. రవాణాను, నిలువలను, పంపకమును పరులకు గుత్తకిచ్చి, పిమ్మట తాము నిశ్చింతగా నుండవచ్చునను భావము కంపెనీలలో ప్రబలుచున్నది. గుత్తకిచ్చుట తప్పని మేమనము. లారీల మర్మమును, ఓడబేరముల మర్మమును ఎఱిగిన వారుండగా ప్రతి కంపెనీయు వానిని సొంతముగా పెట్టుకొననక్కఱలేదు. కాని పనిని గుత్తకీయవచ్చును, బాధ్యతను గుత్తకీయరాదు. ఈ భేదమును మఱచినచో నేమగునో ఇంగ్లాండులో జరిగిన యొక సంగతి తెలుపుచున్నది.

కోడిమాంసపు వంటకములమ్ము కె.ఎఫ్.సి. కంపెనీకి బ్రిటనునందు సుమారు 900 అంగళ్లుండెను. వానికి సరకు చేర్చు పనిని బిడ్‌వెస్టు అను సంస్థ ఆరు గిడ్డంగులనుండి నడపుచుండెను. 2018 ఫిబ్రవరి 14వ తేదీని ఆ పని డి.హెచ్.ఎల్. సంస్థకు మాఱెను. క్రొత్త యేర్పాటున దేశమంతటికిని రగ్బీ పట్టణమునందలి గిడ్డంగి యొక్కటియే యాధారము. మొదటి దినముననే ఆ ప్రాంతపు రాజమార్గముపై ప్రమాదములు జరిగి లారీలు చిక్కుకొనెను. గిడ్డంగిలో సరకు పేరుకొనెను, అంగళ్లలో నిండుకొనెను. నాలుగైదు దినములలో సగమునకు మించిన యంగళ్లు మూతపడెను. కోళ్లు లేకకాదు, ఉన్న కోడిమాంసము వంటశాలకు చేరక! కంపెనీ పత్రికలలో నిండుపుట ప్రకటనతో క్షమాపణ చెప్పుకొనెను. మార్చి నెలలో ఉత్తర భాగమునందలి 350 అంగళ్ల పనిని తిరిగి పాత గుత్తదారునకే యప్పగించెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయన నిదియే.

ఇందు గమనింపదగినది గుత్తదారుని మార్చుట కాదు. ఆరు దారులను మూసి యొక్క దారినే నమ్ముటయు, ఒక్క దినముననే యంతయు మార్చుటయు నిజమైన లోపములు. అంగడి మూతపడినపుడు జనులు నిందించినది గుత్తదారుని గాదు. తలుపుమీద పేరున్న కంపెనీని.

దీనికి ప్రతిగా జపానుదేశపు అనుభవమొకటి కలదు. 1997 ఫిబ్రవరి 1వ తేదీని కరియా పట్టణమున ఐసిన్ సంస్థ కర్మాగారము అగ్నికాహుతియయ్యెను. టయోటా మోటారుబండ్ల బ్రేకులలో నమర్చు చిన్న వాల్వులన్నియు దాదాపుగా నచ్చటనే తయారగుచుండెను. నిలువలు స్వల్పమగుటచే టయోటా కర్మాగారములు కొలది దినములలోనే యాగిపోయెను. ఒక్కచోటినే నమ్ముట యిక్కడను లోపమే. ఐనను టయోటావారు గుత్తదారునిపై నిందమోపి కూర్చుండలేదు. వాల్వుల నమూనాలను ఇతరులకు పంచిరి. పదులకొలది సంస్థలు, కుట్టుమిషన్లు చేయు కంపెనీ సహితము, ఆ పనికి పూనుకొనెను. వారము దినములు తిరుగునంతలో కర్మాగారములు మరల కదలినవి. తమకు సరకిచ్చువారి పనిని టయోటావారు చిరకాలముగా దగ్గరనుండి యెఱిగియుండుటచేతనే యిది సాధ్యమయ్యెను.

ఈ రెండు కథలు మనకేలయందురా? గోదావరి, కృష్ణా మండలముల రొయ్యలచెరువుల గట్టున నిలిచి చూడుడు. పట్టిన రొయ్య మంచులో ఫ్యాక్టరీకి పోవలెను. అచ్చట శుభ్రపడి, గడ్డకట్టి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలువలో కంటెయినరెక్కి రేవునకు పోవలెను. ఆ చలువ అమెరికా చేరువఱకు సడలరాదు. లారీ యొకరిది, గిడ్డంగి యొకరిది, కంటెయినరు వేఱొకరిది. ఓడలలో నధికభాగము విదేశీయులవియే. 2021లో కంటెయినర్లు దొరకక ఓడకిరాయిలు పలురెట్లు పెరిగినవి. 2023 చివర ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు మొదలుకాగా, పెక్కు ఓడలు ఆఫ్రికాను చుట్టి పోవలసివచ్చెను.

కంటెయినరు రానిచో శీతల గిడ్డంగి నిండును. అది నిండినచో ఫ్యాక్టరీ కొనుగోలు తగ్గించును. అంతట చెరువుగట్టున ధర పడిపోవును. ఎదిగిన రొయ్యను రైతు ధాన్యమువలె గాదెలో దాచుకొనలేడు. నిలిపిన ప్రతి దినమును మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు ఖర్చు పెరుగును. తెగులు సోకునేమో యను భయము వేఱు. చివరకు వచ్చిన ధరకే తెగనమ్ముకొనును. గుత్తపత్రమున నెన్నడును వ్రాలుచేయని రైతే ఆ గుత్తలోని లోపమునకు నష్టపరిహారము చెల్లించుచున్నాడు!

కావున మన కంపెనీలవారికి మేము విన్నవించునది యిది. గుత్త బేరమున కిరాయి తక్కువను మాత్రమే చూడవలదు. సరకు ఆలసించినను, చలువ సడలినను నష్ట మెవరిదో పత్రమున స్పష్టముగా వ్రాయించుకొనుడు. దారిపొడవున చలువను నమోదుచేయు యంత్రపు లెక్కను ప్రతి లోడుకును అడిగి తీసికొనుడు. గుత్తదారుని మార్చునపుడు క్రొత్తవానికి కొంత భాగమే యిచ్చి, పరీక్షించి, పిమ్మట తక్కినది యీయుడు. రెండవ దారి నెల్లప్పుడును తెఱచియుంచుడు. దానికగు ఖర్చు దండుగ గాదు. ఈ పని తెలిసిన యుద్యోగి నొకనినైన సొంతముగా నుంచుకొనుడు; తెలియని పనికి లెక్క అడుగుట యెవరితరము?

రైతులకును కర్తవ్యము కలదు. గిడ్డంగులలో నెంత ఖాళీ యున్నదో, ఏ వారమున నెంత సరకు కొనగలరో ముందుగా తెలుపవలసినదని సంఘములుగా చేరి ఫ్యాక్టరీలను అడుగవలెను. ఆ వార్త పదిదినముల ముందు తెలిసినచో చెరువును ఎప్పుడు పట్టవలెనో రైతు తానే నిర్ణయించుకొనగలడు. ఇందుకు కంపెనీకగు ఖర్చు స్వల్పము. రైతునకు మాత్రము అది యొక పంట దక్కుటకును, పోవుటకును గల భేదము.