తప్పు రేడియోదా, గదిదా?

"నాకిక చెవులు పనిచేయడం లేదే అమ్మాయ్, ఆ రేడియో ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నారొకరోజు మా అత్తయ్య. పొద్దున్నే వార్తలు వినందే కాఫీ ముట్టని మనిషి! "కొత్త సెట్టు కొంటే సరి" అన్నారు మా వారు. నాకు రెండూ నచ్చలేదు.

షాపులో మనం చేసేదేమిటి? పెద్దగా పెట్టించి విని ఆహా అనుకోవడం. పెద్దగా వినబడటం వేరు, స్పష్టంగా వినబడటం వేరు. సెల్‌ఫోన్ యాప్ కూడా డెసిబెల్స్ ఎన్నో చెబుతుందే గానీ మాట అర్థమైందో లేదో చెప్పదు. టెలిఫోన్ నాణ్యత తేల్చడానికి అమెరికాలో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్త హార్వే ఫ్లెచర్ అర్థంలేని అక్షరాలు చదివించి, విన్నవాళ్లకు ఎన్ని సరిగ్గా అందాయో లెక్కపెట్టేవాడు. మనమూ అదే చేద్దామనుకున్నాను.

నేను రేడియో పక్కన కూర్చుని వార్తలు వింటూ చేయెత్తినప్పుడల్లా, అత్తయ్య తన కుర్చీలోంచి అప్పుడు వినబడిన మాట చెప్పాలి. 20 మాటల్లో 8 తప్పాయి.

హాల్లో ఒక్క చప్పట్టు కొట్టి చూశాను. ఖంగున మోగింది! నున్నటి గచ్చు, ఖాళీ గోడలు, అద్దాల షోకేసు. ప్రతి మాట వెనకా దాని ప్రతిధ్వనే. పైగా సెట్టు గోడల మూలన ఉంది. అక్కడ బొంగురు స్వరం ఉబ్బి హల్లుల్ని మింగేస్తుంది. పడగ్గదిలోనైతే పరుపులు, కర్టెన్లు, దండెం మీద చీరలు (సర్దలేదని సిగ్గుపడేదాన్ని, అవే పనికొచ్చాయి!) శబ్దాన్ని పీల్చుకుంటాయి. అక్కడ స్టూలు మీద, గోడకి ఎడంగా, అత్తయ్యకి మూడడుగుల దూరంలో పెట్టాం.

ఇక గుర్రుమనే మోత. దీపాలూ చార్జర్లూ ఒక్కొక్కటే ఆపుతూ పోతే ఒక ఎల్‌ఈడీ బల్బు దగ్గర దొంగ దొరికాడు. మీడియం వేవ్‌కి ఏరియల్ సెట్టు లోపలి ఫెర్రైట్ కడ్డీయే కాబట్టి సెట్టునే తిప్పి చూసుకోవాలి. నేనిన్నాళ్లూ ఎఫ్‌ఎం కోసం పెట్టిన బయటి కడ్డీతో కుస్తీ పట్టాను!

మళ్లీ పరీక్ష. ఈసారి తప్పినవి 3. మూడూ స, ష లున్న మాటలే. ఆ హల్లుల బలమంతా కీచు స్వరాల్లో ఉంటుంది. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్‌జ్ మాత్రమే కాబట్టి సెట్టు వాటిని చాలావరకు కోసేస్తుంది. 15 కిలోహెర్ట్‌జ్ దాకా అందించే ఎఫ్‌ఎంలో పెట్టి చూశాను. అక్కడా 2 తప్పాయి. వయసుతో ముందు తగ్గేదీ ఆ కీచు స్వరాల వినికిడే.

వచ్చే వారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. "ముందు ఆయన గదిలో చప్పట్లు కొట్టి చూడవే" అంటున్నారు అత్తయ్య.